టేపుతో అల పొడవు: మా బడి ప్రాజెక్టు డైరీ

బుధవారం

తొమ్మిదో తరగతిలో ఈరోజు విద్యుదయస్కాంత వర్ణపటం బొమ్మ గీశాను. ఎడమ కొసన రేడియో తరంగాలు, కుడి కొసన గామా కిరణాలు, నడుమ ఇంద్రధనుస్సు రంగుల చార. ఏటా చెప్పే మాటలే చెప్పాను. ఇవన్నీ ఒకే జాతి. మోసుకుపోవడానికి గాలీ నీళ్లూ అక్కర్లేదు. శూన్యంలో అన్నిటి వేగమూ సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లే. తేడా అంతా అల పొడవులో, అంటే ఒక అల శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉండే దూరంలో ఉంది.

మూడో బెంచీ అమ్మాయి లేచింది. "సార్, ఈ పొడవులు ఎవురు కొలిచినారు? టేపు పెట్టి కొలిచినారా?"

తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పద్దెనిమిదేళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, ఒక్క అల పొడవు కూడా నా చేత్తో కొలిచి చూడలేదు. హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త 1888 నాటికే జర్మనీలోని కార్ల్స్‌రూహేలో రేడియో తరంగాలతో ఆ పని చేశాడు. గోడకు జింకు రేకు బిగించి, దాని మీద పడి తిరిగొచ్చే తరంగమూ ఎదురెళ్లే తరంగమూ కలిసిన చోట్లను వెతికాడు. తరంగం తగిలితే చేతిలోని తీగ చుట్టు సందులో నిప్పురవ్వ వస్తుంది. అది ఎక్కడ బలంగా వస్తుందో, ఎక్కడ రాదో చూసి దూరం కొలిచాడు. ఆయన కొలిచింది మామూలు దూరమే. అలాంటప్పుడు మనమెందుకు కొలవకూడదు?

బెల్లు కొట్టే లోపల ఐదుగురు పేర్లిచ్చారు. ఒకటే షరతు పెట్టుకున్నాం: ఇంట్లో, బజారులో దొరికే సామానుతోనే కొలవాలి.

శనివారం, తిరుపతిలో అక్కవాళ్ల ఇల్లు

మా బడికి మైక్రోవేవ్ ఒవెన్ ఎక్కడిది? అక్కను అడిగితే సరేనంది. చంద్రగిరి నుంచి బస్సులో ఆరుగురం దిగాం.

ఒవెన్ వెనక అతికించిన రేకు మీద 2450 మెగాహెర్ట్జ్ అని ఉంది. సెకనుకు 245 కోట్ల కంపనాలన్నమాట. పొడవు కొలిస్తే, రెండూ హెచ్చవేసి వేగం తేల్చుకోవచ్చు.

తాడు ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని తగిన లయలో ఊపితే కొన్నిచోట్ల తాడు పెద్దగా ఎగురుతుంది, కొన్నిచోట్ల అసలు కదలదు. ఒవెన్ ఇనుప గోడల మధ్య జరిగేదీ అదే. బాగా ఎగిరే చోట వేడి ఎక్కువ, కదలని చోట చల్లగా ఉంటుంది. పక్కపక్కనున్న రెండు వేడి చోట్ల మధ్య దూరం అల పొడవులో సగం. లోపలి గాజు పళ్లెం తిరిగేది అందుకే, లేకపోతే అన్నం ఒకచోట పొగలు కక్కుతూ పక్కనే చల్లగా ఉంటుంది.

వేడి ఎక్కడ తగిలిందో చూపించడానికి అప్పడాలు ఎంచుకున్నాం. అప్పడం వేడి తగిలిన చోట ముందు తెల్లగా పొంగుతుంది, మిగతాది పచ్చిగానే ఉంటుంది. అంతకంటే స్పష్టంగా చూపించే పదార్థం వంటింట్లో ఇంకోటి కనపడలేదు.

"అప్పళాలు తినేదానికి ఇంత ప్రయోగమా నాయనా!" అని అక్క పిల్లల్ని ఆటపట్టించింది కానీ, కొత్త కట్ట తనే విప్పి ఇచ్చింది.

మొదటిసారి పళ్లెం తియ్యకుండానే పెట్టాం, అన్నీ సమంగా పొంగిపోయాయి. రెండోసారి పళ్లెం తీశాం కానీ దాని కింది ఇరుసు అప్పడాల్ని కొంచెం కొంచెం తిప్పుతూనే ఉంది. మూడోసారి ఇరుసు మీద గిన్నె బోర్లించి, దాని చుట్టూ తగలకుండా ఒక అట్టముక్కను ఎత్తుగా నిలిపి, దాని మీద నాలుగు అప్పడాలు అంచులు కలిపి పరిచాం. 45 సెకన్లకు ఒకటి మాడింది. 30 సెకన్లు సరిపోయింది.

మచ్చల నడుమ నుంచి నడుముకు స్కేలు పెట్టి కొలిచిన లెక్కలు, సెంటీమీటర్లలో: 5.8, 6.4, 6.1, 6.5, 6.2. మచ్చ ఒక్కోటి రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పుంది, దాని నడుమ ఎక్కడో కంటితోనే తేల్చాలి. 5.8 తేడాగా ఉంది, తీసేద్దామని ఒకబ్బాయి అన్నాడు. కొలిచేటప్పుడు తప్పు జరిగిందని తెలిస్తే తీసెయ్యొచ్చు, నచ్చలేదని తీసెయ్యకూడదని చెప్పాను. అన్నీ కలిపి సగటు 6.2. అల పొడవు 12.4 సెంటీమీటర్లు. దాన్ని 245 కోట్లతో హెచ్చిస్తే సెకనుకు 30.4 కోట్ల మీటర్లు.

అసలు విలువ 29,97,92,458. మాది నూటికి ఒకటిన్నర లోపు తేడాతో వచ్చింది. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది. తాడు ఒకే దిశలో ఊగుతుంది, ఒవెన్ పెట్టెలో తరంగం మూడు దిశల్లోనూ గోడల్ని తాకి కలుస్తుంది, కాబట్టి మచ్చలు వరసగా రావాలని లేదు. ఇంకో ఒవెన్‌లో ఇదే పని చేస్తే తేడా ఇంకా ఎక్కువ రావచ్చు.

తిరుగు బస్సులో పిల్లలకు ఇంకో సంగతి చెప్పాను. 1983 నుంచి ఈ వేగాన్ని కొలవడం మానేశారు, ఆ అంకెను అలాగే ఖాయం చేశారు. సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో కాంతి శూన్యంలో పోయే దూరాన్నే మీటరు అంటున్నారు. అంటే మనం స్కేలుతో దేన్ని కొలిచామో, ఆ స్కేలు మీది గీతలు దాని నుంచే పుట్టాయి. మూడో బెంచీ అమ్మాయి చంద్రగిరి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ ఏమీ మాట్లాడలేదు.

మరిచిపోకముందే రాయాలి. బయల్దేరే ముందు ఒవెన్ ప్లగ్గు పీకేసి, లోపల నా ఫోను పెట్టి, తలుపేసి, అక్క ఫోనుతో కాల్ చేశాం. మోగింది! "సార్, అయితే తలుపు అద్దంలోని జల్లెడ రేకు పని చేయట్లేదు గదా, తరంగాలు బయటికి వచ్చేస్తాయి గదా" అని పిల్లలు భయపడ్డారు. రేకు పని చేస్తోంది. దాని రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, అల పొడవు 12 సెంటీమీటర్లు. అంత చిన్న రంధ్రంలోంచి అంత పెద్ద అల బయటపడటం చాలా కష్టం. వెలుతురు అల ఆ రంధ్రంతో పోలిస్తే మరీ చిన్నది, అందుకే లోపలి అప్పడం మనకు కనపడుతుంది. ఫోను సంగతి వేరు. వాటులో లక్ష కోట్లవ వంతు శక్తి అందినా అది పలుకుతుంది. తలుపు సందుల్లోంచి ఏ కాస్త చొరబడినా దానికి చాలు. అదే ఫోనును వంటింటి అల్యూమినియం కాగితంలో రెండు పొరలు చుడితే మాత్రం పలకలేదు. చిన్న సందు కూడా లేకుండా చుట్టడమే అక్కడ ముఖ్యం.

సోమవారం

వెలుతురు అల. దీనికి లేజర్ పాయింటరు, ఒక సీడీ. సీడీ ఒకబ్బాయి తాత వినే అన్నమయ్య కీర్తనలది, గీతలు పడి పాడటం మానేసింది. సీడీ మీద డేటా గాడులు ఒకదానికొకటి 1600 నానోమీటర్ల దూరంలో ఉంటాయి (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). లేజర్ దాని మీద నిటారుగా పడితే, తిరిగొచ్చే వెలుతురు నడుమ ఒక చుక్కగా, రెండు పక్కలా చుక్కలుగా విడిపోతుంది.

ఆటసామాన్ల గదిలో కిటికీలకు గోనెపట్టాలు కట్టాం. లేజర్ ఎవరి కంటి ఎత్తులోనూ ఉండకూడదు, చుక్కను గోడ మీదే చూడాలి, కిరణం వచ్చే దారిలోకి తొంగిచూడకూడదు. ఇది మూడుసార్లు చెప్పించి గానీ స్విచ్చి నొక్కనివ్వలేదు.

సీడీ నుంచి మీటరు దూరంలో, నడిమి చుక్కకు దగ్గరి పక్క చుక్కలు దాని నుంచి 44.5, 45.1 సెంటీమీటర్లలో పడ్డాయి. సగటు 44.8. లెక్క కడితే ఎర్ర వెలుతురు అల పొడవు 654 నానోమీటర్లు. పాయింటరు మీద 650 అని ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ అమ్మాయి కొట్టలేదు. "సార్, ఆ 1600 ఎవురు కొలిచినారు? మనం కొలవలేదు గదా?"

ఆమె అన్నది నిజం. ఒవెన్‌కు పొడవు మేమే కొలిచాం, ఇక్కడ ఎవరో చెప్పిన పొడవును అరువు తెచ్చుకున్నాం.

మంగళవారం, బుధవారం

రెండు రోజులు ఈ ఒక్కదానికే పోయాయి. పోనీ అనుకున్నాను.

స్టీలు స్కేలు మీద అరమిల్లీమీటరు గీతలుంటాయి. అవే మా గాడులు. అరమిల్లీమీటరు అంటే వెలుతురు అల కంటే ఏడెనిమిది వందల రెట్లు పెద్దది. లేజర్ నిటారుగా పడితే చుక్కలు విడిపోయినా కంటికి ఆనవు. కానీ కిరణం స్కేలును దాదాపు రాసుకుంటూ పోయేలా బాగా వాల్చి వేస్తే, చుక్కలు గోడ మీద చేటంత దూరాలకు విడిపోతాయి. ఆర్థర్ షాలో అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త, లేజర్ ఆలోచనకు పునాది వేసినవారిలో ఒకరు, 1965లో ఈ పద్ధతిని రాసి చూపించాడు.

మంగళవారం చుక్కలే రాలేదు. గోడ మీద పెద్ద ఎర్ర మరక తప్ప ఏమీ లేదు. స్కేలు మీద మిల్లీమీటరు గీతలున్న వైపు వేశాం కాబోలనుకుని తిప్పాం, అయినా అంతే. చివరికి తెలిసింది: కిరణం అరమిల్లీ గీతల మీదుగా పోవట్లేదు, గీతల్లేని నడుమ నునుపు భాగం మీద పడుతోంది. ఒక నూలుపోగంత జరిపితే గీతల మీదికి వచ్చింది. గోడ మీద నిచ్చెన మెట్లలాగా చుక్కల వరస లేచింది. అప్పుడే కరెంటు పోయింది. గది ఇంకా చీకటై చుక్కలు ఇంకా బాగా కనపడ్డాయి. లేజర్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి పని ఆగలేదు.

బుధవారం కొలిచాం. స్కేలు నుంచి గోడకు సరిగ్గా 4 మీటర్లు, దర్జీ టేపుతో. కిరణంలో కొంత స్కేలును తాకకుండా నేరుగా పోయి కింద ఒక చుక్క పెడుతుంది. కొంత అద్దం మీద పడ్డట్టు పైకి ఎగిరి ఇంకో చుక్క పెడుతుంది. ఈ రెంటికీ నడుమ 20 సెంటీమీటర్లు. అందులో సగం దగ్గర సున్నా గీత గీశాం. అక్కడి నుంచి అద్దం చుక్క ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని పైన వరసగా చుక్కలు 22.8, 30.5, 36.8 దగ్గర.

పక్కపక్క గీతల మీంచి వచ్చే వెలుతురు దారుల మధ్య తేడా సరిగ్గా ఒక అల పొడవైన చోట మొదటి చుక్క వెలుగుతుంది, రెండు పొడవులైన చోట రెండోది, మూడైన చోట మూడోది. కోణాలు చిన్నవి కాబట్టి లెక్క సులువు. చుక్క ఎత్తు వర్గంలోంచి అద్దం చుక్క ఎత్తు వర్గం తీసెయ్యాలి, గీతల మధ్య దూరంతో హెచ్చించాలి, గోడ దూరం వర్గానికి రెట్టింపుతో భాగించాలి. రెండో చుక్కకు వచ్చినదాన్ని రెండుతో, మూడోదానికి వచ్చినదాన్ని మూడుతో మళ్లీ భాగించాలి. మొదటి చుక్క నుంచి 656, రెండోదాని నుంచి 649, మూడోదాని నుంచి 653 నానోమీటర్లు. సగటు 653.

సీడీ 654 ఇచ్చింది, స్కేలు 653 ఇచ్చింది. ఆ అమ్మాయి నల్లబల్ల దగ్గరికెళ్లి రెండు అంకెల కింద గీత గీసి నా వైపు తిరిగింది. "ఇప్పుడు టేపు పెట్టి కొలిచినట్టే సార్."

మిల్లీమీటరులో పదిహేను వందల వంతు అది. ఒక దర్జీ టేపు, పెన్సిలు డబ్బాలోని ఒక స్టీలు స్కేలు దాన్ని పట్టుకున్నాయి. నాకు చాలాసేపు వేరే పని మీదికి మనసు పోలేదు.

గురువారం, గాదంకి

రేడియో వైపు అలల కోసం ఇంతదూరం వచ్చాం అనుకోకూడదు, మాకిది పక్కూరు లాంటిదే. చిత్తూరు రోడ్డు మీద గాదంకిలో ఎన్.ఎ.ఆర్.ఎల్. వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది. ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం.

పై వాతావరణాన్ని రేడియో తరంగాలతో గమనించే అక్కడి ఎం.ఎస్.టి. రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అల పొడవు 5.66 మీటర్లు. పొలం లాంటి చోట 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పున 1024 యాగీ యాంటెన్నాలు (పాతకాలం టీవీ యాంటెన్నాల్లాంటి కడ్డీలవి), 32 వరసలు, వరసకు 32. పిల్లలు గిన్నెలాంటి పెద్ద డిష్ ఉంటుందని ఊహించుకుని వచ్చారు. ఇక్కడ తిరిగేదేమీ లేదు. ఒక్కో యాంటెన్నాకు విద్యుత్తు అందే క్షణాన్ని అతి స్వల్పంగా ముందువెనకలు చేస్తే, అన్ని అలలూ కలిసి ఏ వైపు బలంగా ఉంటాయో ఆ వైపుకు కిరణం వాలుతుంది.

యాంటెన్నా కడ్డీ పొడవు అల పొడవులో దాదాపు సగం, 2.8 మీటర్లకు అటూ ఇటూ. కంటితో చూడగానే ఆ తరంగం ఎంతదో తెలిసిపోతుంది. వరసల మధ్య దూరం అల పొడవులో 0.7 వంతు అని చెప్పారు. అంచు వెంట అంగలేసి కొలిస్తే మాకు 4 మీటర్లు వచ్చింది, 0.7తో భాగిస్తే 5.7. దీన్ని కొలిచామని చెప్పను. ఆ 0.7 వాళ్లిచ్చిందే కాబట్టి, సరిచూసుకున్నాం అంటాను. డైరీలో అలాగే రాయించాను.

ఈ రాడార్ వెతికేది విమానాన్ని కాదు, వానచుక్కనూ కాదు, ఉత్త గాలిని. గాలి సుడులు తిరిగే చోట వేడిమి, తేమ కొంచెం కొంచెం మారుతుంటాయి, దాంతో రేడియో తరంగం వంగే గుణమూ మారుతుంది. ఆ మార్పులు అల పొడవులో సగం, అంటే 2.83 మీటర్ల ఎడంతో ఉన్నప్పుడు వాటి నుంచి వెనక్కి వచ్చే అలలు ఒకదానికొకటి తోడై బలపడతాయి. పంపేది ఎంతో బలమైన అల, తిరిగొచ్చేది అతి సన్నని జాడ. 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి ప్రతిధ్వని రావడానికి పట్టే కాలం సెకనులో పదివేల వంతు. గాలి దగ్గరికొస్తుంటే తిరిగొచ్చే అల పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల లెక్క, రవ్వంత పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. ఆ రవ్వంతలోంచి మన తలల మీది గాలి వేగం తెలుస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. ఫాస్టాగ్ కూడా ఈ కుటుంబంలోదే. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్, అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. స్టిక్కరులో బ్యాటరీ లేదు. పైనుంచి పడిన అల శక్తితోనే మేల్కొని, ఆ అలనే తన నంబరుకు తగ్గట్టు ఎక్కువ తక్కువలుగా వెనక్కి విసురుతుంది.

శుక్రవారం రాత్రి

ఒకబ్బాయి వాళ్ల అవ్వ అడగమన్నదట: "ఊరి పక్క సెల్ టవర్ వల్ల మాకేమన్నా అయితాదా?" పొడుగాటి జవాబే ఇచ్చాను, ఇక్కడ సారం మాత్రం. తరంగం శక్తిని విడతలు విడతలుగా ఇస్తుంది. అది ఎంత పొట్టిదైతే ఒక్కో విడత శక్తి అంత ఎక్కువ. ఒవెన్ తరంగం విడత కంటే ఎర్ర వెలుతురు విడత శక్తి దాదాపు లక్షా 88 వేల రెట్లు. ఎర్ర వెలుతురే మన ఒంటి కణాల్లోని అణువుల బంధాల్ని తెంచలేదు. తెంచే పని అతినీలలోహితంతో మొదలై ఎక్స్‌రేలు, గామా కిరణాల దాకా పోతుంది. పొడుగు అలలు చేయగలిగింది వేడెక్కించడం. అందుకే అవి ఎంత బలంగా ఉండొచ్చన్నదానికి పరిమితులు పెట్టారు. అవ్వకు నేను చెప్పి పంపింది: టవర్ సంగతి కంటే, మిట్టమధ్యాహ్నం చేలో తల మీద గుడ్డ వేసుకొమ్మను.

ఆదివారం సాయంత్రం

పాత ట్రాన్సిస్టర్ తీశాను. కడప స్టేషను, మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్, అల పొడవు 333 మీటర్లు. రేడియోను మెల్లగా తిప్పితే ఒకచోట మాట సన్నగిల్లి దాదాపు మాయమైంది. లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెరైట్ కడ్డీ కొస కడప వైపు చూస్తోందన్నమాట, ఉత్తరానికి కాస్త పడమరగా. నడుమ శేషాచలం కొండలున్నా ఆ అల వంగి వచ్చేసింది. ఎఫ్.ఎం. అల 3 మీటర్లే, కొండ చాటుకు పోతే సన్నబడుతుంది. కొండ అదే, అల పొడవు మారింది, నడత మారింది.

మళ్లీ శుక్రవారం

వరండా గోడకు సున్నం వేయించి, మా సొంత వర్ణపటం గీస్తున్నాం. కొలమానం ఆ అమ్మాయి జాన. ఒక్కో జానకు పొడవు పదో వంతవుతుంది. ఎడమ కొసన కడప, 333 మీటర్లు. జానా మూడు పాతిక దూరంలో గాదంకి. ఇంకో జానకు కొంచెం ఎక్కువగా ఫాస్టాగ్. దాని నుంచి సగం జాన లోపలే అక్కవాళ్ల ఒవెన్. తర్వాత ఐదు జానల పైచిలుకు ఖాళీ, మేం ఏదీ కొలవని చోటు. టీవీ రిమోట్ పరారుణం అక్కడే, ఆ ఖాళీ చివర ఉంది. ఫోను కెమెరాలో ఊదా మెరుపుగా చూశాం కానీ పొడవు కొలవలేదు, కాబట్టి పెన్సిలుతోనే చుక్క పెట్టాం. దాని పక్కన స్కేలుతో దొరికిన ఎరుపు, 653.

కంటికి కనపడే రంగులన్నీ, ఊదా నుంచి ఎరుపు దాకా, ఎంత చోటు పడతాయో లెక్క వేశారు. పావుజాన. ఆ అమ్మాయి చెయ్యి పెట్టి చూసింది, మూడు వేళ్ల వెడల్పు. పుట్టినప్పటి నుంచి చూసిన చెట్లు, కొండ, దీపాలు, మనుషుల మొహాలు అన్నీ ఆ మూడు వేళ్ల లోపలివే. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ వేళ్లు పెట్టి చూసుకున్నారు.

ఎరుపు నుంచి కుడికి ఇంకో ఐదు జానల దాకా పోతే అలిపిరి చెక్‌పోస్టులో సామాన్లు చూసే ఎక్స్‌రేలు. అంత చోటు లేదు, గోడ నాలుగు జానలకే హెడ్‌మాస్టర్ గది తలుపు దగ్గర ఆగిపోయింది. తలుపుకు అవతల గోడ మీద కొనసాగించొచ్చేమో రేపు పొద్దున్నే అడగాలి. స్కేలు, దారం, సున్నం బొక్కెన ఆటసామాన్ల గదిలోనే పెట్టాం.